బాయి నుంచి బాయికి ఎంత దూరం

ఎవరైనా దారి అడిగితే "దగ్గరే" అని చెప్పలేని జబ్బు నాకొకటి పట్టుకుంది. మొన్న మంచిర్యాల స్టేషను బయట ఒకాయన దవాఖాన ఎటని అడిగాడు. చెయ్యి చూపించి దగ్గరే అనేస్తే అయిపోయేది. నేను మాత్రం ఈ మలుపు దాకా ఎంత, అక్కణ్ణుంచి గేటు దాకా ఎంత అని మొదలుపెట్టేసరికి, ఆయన నన్ను వదిలేసి పక్కనున్న పాన్ డబ్బావాణ్ణి అడిగి వెళ్లిపోయాడు.

ఈ జబ్బు అంటించిన మనిషి పోయాడని కిందటి నెలలో తెలిసింది. మంచిర్యాల పక్కనున్న జైపూర్ దిక్కు నుంచి వచ్చిన ఒకాయన వేరే సంగతి మాట్లాడుతూ మధ్యలో చెప్పాడు. వినగానే నాకు దుఃఖం రాలేదు. విసుగొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నా ముందుకొచ్చి నిలబడ్డాడు కదా అనిపించింది. దుఃఖం రెండు రోజులాగి వచ్చింది, అది వేరే మాట.

ఆయన సర్వేయరు. పేరు రాయను. రాస్తే వాళ్లింటివాళ్లెవరైనా చదివి, ఇందులో నేను చెప్పిన దూరాలన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా అని కొలుచుకుంటూ కూర్చుంటారు. ఆ రక్తం అలాంటిది.

అవి అరవైల చివరి రోజులు. గోదావరిఖనిలో ఇంకా ఊరు తక్కువ, దుమ్ము ఎక్కువ. నేను మంథని నుంచి వచ్చి ఆఫీసు బిల్లు సెక్షన్‌లో గుమాస్తాగా చేరాను. మంథని బాపనాయన కాబట్టి చిన్నా పెద్దా అందరికీ నేను పంతులునే. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. ఆయన చూడాల్సిన బాయిలు మూడు. పాత బాయి, కొత్త బాయి, గోదావరి దిక్కున్న ఏటి బాయి. లోపల ఎక్కడిదాకా తవ్వారో గొలుసు పెట్టి కొలిచి, దాన్ని నక్షా, అంటే పటం, మీదికెక్కించడం ఆయన పని. కార్మికులు ఆయన్ని గొలుసు సారు అనేవారు.

ఆయనతో మాట్లాడటం ఒక శిక్ష. క్యాంటీన్ దగ్గరే కదా, చాయ్ తాగొద్దాం అంటే "దగ్గరంటే ఎంత?" అనేవాడు. బండి ఇప్పుడే వెళ్లిందంటే ఇప్పుడే అంటే ఎప్పుడని అడిగేవాడు. కుర్చీ చూపిస్తే కూర్చోడు. బల్ల అంచు మీద జానెడు చెయ్యి పరిచి, మాట్లాడుతున్నంతసేపూ దాన్ని అంచు వెంట జరుపుతూ పోయేవాడు. ఒకరోజు పోతూ పోతూ నా బల్లకు ఒక కొస వెడల్పు తక్కువుందని చెప్పిపోయాడు. నేను స్కేలు పెట్టి చూశాను. తక్కువే ఉంది. అప్పటిదాకా హాయిగా పనిచేసుకున్న బల్ల ఆ రోజు నుంచి నాకు వంకరగా కనపడసాగింది.

సొంత సైకిలు మీద తిరిగేవాడు. దాని ముందు చక్రానికి ఒక చువ్వ దగ్గర ఎర్రగుడ్డ కట్టి ఉండేది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ గుడ్డ కమ్మీకి టప్పున కొట్టుకునేది. ఆయన ఆ చప్పుళ్లు లెక్కపెట్టుకుంటూ తొక్కేవాడు. పెదవులు కదులుతుంటే చూసినవాళ్లు జపం చేస్తున్నాడనుకునేవారు. ఎదురుగా ఎవరు నమస్తే పెట్టినా పలికేవాడు కాదు, లెక్క తప్పుతుందని ఒక వేలు పైకెత్తి చూపించి వెళ్లిపోయేవాడు. ఒకసారి మేనేజరుగారి జీపు పక్కన ఆగింది. మేనేజరుగారు ఏదో అడిగారు. ఈయన వేలు ఎత్తి చూపించి ముందుకు పోయాడు. కొత్త బాయి గేటు చేరి, అంకె రాసుకుని, మళ్లీ వెనక్కి తొక్కుకుంటూ వచ్చి ఇప్పుడు అడగమన్నాడట. అప్పటికి జీపు అక్కడ ఉంటుందా.

ఇదంతా ఎందుకు చేసేవాడంటే, పన్ను కోసం.

ఆ రోజుల్లో సొంత బండి మీద డ్యూటీ పనికి తిరిగే ఉద్యోగికి ఆదాయపు పన్నులో కొంత మినహాయింపు దొరికేది. ఇంటి నుంచి బాయికి వచ్చింది మా ఆఫీసు లెక్కలోకి రాదు. ఒక బాయి నుంచి ఇంకో బాయికి పని మీద పోయిందే లెక్క. ఎంత తిరిగారో ఒక పట్టీ రాసిస్తే, నేను చూసి సరే అంటే, జీతంలో కోత ఆ మేరకు తగ్గుతుంది. మోటారుసైకిళ్లున్న ఇంజనీర్లు ఏప్రిల్ మొదట్లో ఒక అంకె రాసి కింద అన్ని రోజులకూ అదే అదే అని గీతలు పెట్టి పంపేవారు. నాకు అర నిమిషం పని.

గొలుసు సారు పట్టీ అలా వచ్చేది కాదు. ప్రతి రోజుకూ ఒక అంకె, ఏ రెండు రోజులూ ఒకటి కావు. పైగా ఫర్లాంగులు కూడా వదలకుండా రాసేవాడు. ఇదేమిటయ్యా, బాయిలేమైనా రాత్రికి రాత్రి నడుస్తున్నాయా అని అడిగాను.

"బాయి నడవది పంతులూ, తొవ్వ నడుస్తది" అన్నాడు. "నిన్న లారీ దిగబడ్డది, సుట్టు తిరిగిన. మొన్న వాన పడితె సైడింగు పక్కకెల్లి పోయిన. ఎంత పోతె గంతే రాయాలె గద."

నాకు ఒళ్లు మండింది. ఆ అంకెలన్నీ కూడాల్సింది నేను. ఒక సైకిలు మనిషి మినహాయింపు కోసం నేను పట్టే సమయం ముగ్గురు ఇంజనీర్ల లెక్కలకు సరిపోయేది. ఒకే అంకె వేసుకో, నీకూ సుఖం నాకూ సుఖం అని బతిమాలాను. సరాసరి తీసి వేస్తానన్నాను. సరాసరి దూరం తానెన్నడూ తొక్కలేదన్నాడు. మా బడేబాబు, అంటే హెడ్ క్లర్కు, పక్క బల్ల నుంచి ఈ గొడవ విని రోజూ నవ్వుకునేవాడు. నాకు ఆ నవ్వు ఇంకా మంట.

ఆ మనిషికి ఆ మినహాయింపు కన్నా పెద్దది ఇంకొకటి అవసరమని మాకందరికీ తెలుసు. ఆయన టెంపరరీ. ఆరేసి నెలలు పొడిగిస్తూ నడిపిస్తున్నారు. జైపూర్ దిక్కు ఒక చిన్న ఊళ్లో నాగలి పట్టిన ఇంట్లో పుట్టి, సర్వేయరు పరీక్ష పాసైన మొదటి మనిషి. పర్మినెంటు అయితే క్వార్టరు వస్తుంది, ఊళ్లో ఉన్న భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చు. ఆ దసరా లోపల కొందరిని పర్మినెంటు చేస్తారని, ఆ జాబితా మేనేజరుగారు పంపుతారని మాట వచ్చింది. ఆయన దాని గురించి ఎవర్నీ కదిపి ఎరగడు. ఒక్కసారి మాత్రం నా దగ్గర నోరు జారాడు. క్వార్టర్ల వరసలో ఒక ఇల్లు చూసుకున్నానని, దాని గుమ్మం నుంచి నల్లా దాకా కొలిచానని చెప్పాడు. ఇల్లు రాకముందే కొలవడమెందుకని కసిరాను. ఆమె నీళ్లు మోసుకురావాలె గద అన్నాడు.

సెప్టెంబరులో పని ఒత్తిడిగా ఉంది. బోనసు బిల్లులు నెత్తి మీదున్నాయి. ఆగస్టు పట్టీ తెచ్చి నా ముందు పెట్టాడు గొలుసు సారు. ఆరు కాగితాలు. వాన నెల కదా, రోజుకొక తొవ్వ. నేను కూడటం మొదలుపెట్టి, రెండుసార్లు తప్పి, మూడోసారి కలం విసిరికొట్టాను. అసలు ఏటి బాయికీ పాత బాయికీ మధ్య అంత దూరం ఎక్కడుంది, నేనే చూస్తానని లేచాను.

మా సెక్షన్ గోడకు పెద్ద నక్షా వేలాడుతుండేది. మేం దుంగలు, పట్టాలు, తీగలు ఏ బాయికి ఎంత కావాలన్నా దాని మీదే స్కేలు పెట్టి చూసేవాళ్లం. అది మా సెక్షన్‌లో తరతరాల అలవాటు. నేను కూడా స్కేలు పెట్టాను. ఏటి బాయి నుంచి పాత బాయికి చూశాను. ఆయన రాసిన దానిలో సగమే ఉంది. ఇన్నాళ్లుగా నన్ను చంపుకుతిన్న మనిషి దొరికాడు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం గురించి దాచడమెందుకు, పండగలా అనిపించింది. పట్టీ మీద అడ్డంగా రాశాను. "దూరం తప్పు. నక్షా ప్రకారం ఇందులో సగమే." సంతకం చేసి, ఆయన ఫైల్లో పెట్టి మేనేజరుగారి గదికి పంపేశాను.

రెండో రోజు ఆయన వచ్చాడు. కోపంగా లేడు. ఏ నక్షా చూశారని అడిగాడు. గోడ వైపు చూపించాను. దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించాడు. కింద మూలన చిన్న అక్షరాలతో ఒక సంతకముంది. అది ఆయనదే. ఆ నక్షా గీసిందే ఆయన.

"ఇది భూమి లోపలిది పంతులూ" అన్నాడు మెల్లగా. "బొగ్గుల తవ్విన తొవ్వ. లోపట ఆ బాయి ఈ బాయి కలిసే ఉన్నయి. నేను సైకిలు పైన తొక్కుత."

బడేబాబు బిల్లు మీద నుంచి తల ఎత్తాడు. నిజమే. పైన నేల కుంగిపోయి కంచె వేసిన చోటు ఉంది, రైలు సైడింగు ఉంది, బొగ్గు కుప్పలున్నాయి. రోడ్డు వాటన్నిటినీ చుట్టి పోతుంది. బాయి ఆఫీసులో కూర్చుని కూర్చుని, మాకు దూరమంటే భూమి లోపలిదే అయిపోయింది. సైకిలు మనిషిని బొగ్గులో నుంచి తొక్కించాను నేను. ఆ మాట అప్పుడే ఒప్పుకుని ఫైలు వెనక్కి తెప్పిస్తే అయిపోయేది. కానీ పక్కన బడేబాబు నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. సరే, అది లోపలిదే అయితే పైన నువ్వు రాసినంత ఉందని నమ్మకమేమిటి, చూపించు అన్నాను.

పనిగట్టుకుని ఆదివారం పొద్దున మా ఇంటి ముందుకు గొలుసుతో వచ్చాడు. చెయిన్‌మెన్లకు సెలవు కాబట్టి రెండో కొస నన్నే పట్టుకోమన్నాడు. నా ఆదివారం అలా పోయింది. పాత బాయి గేటు దగ్గర మొదలుపెట్టాం. నేను కొస పట్టుకుని నిలబడటం, ఆయన ముందుకు పోయి మేకు గుచ్చడం, మళ్లీ నేను ఆ మేకు దగ్గరికి పోవడం. గొలుసు వదులుగా పట్టుకున్నారనీ, గట్టిగా గుంజమనీ, అరచెయ్యి నేలకు ఆనించమనీ దారి పొడుగునా నాకు పాఠం. ఎండ. బొగ్గు దుమ్ము నా తెల్ల ధోవతి మీద. డ్యూటీ దిగి వచ్చే కార్మికులు ఆగి, ఏంది పంతులూ నువ్వు సుత గొలుసు పట్టినవా అని అడిగి పోయేవారు. నేను పళ్లు కొరుక్కుంటూ నడిచాను.

సైడింగు పట్టాల దగ్గర ఆయన ఆగి, ఇక్కణ్ణుంచి అవతలి గట్టు దాకా కొలవద్దన్నాడు. ఎందుకన్నాను.

"ఇక్కడ సైకిలు దిగి నడిపిస్త. తొక్కింది రాసిన, నడిపిచ్చింది రాయలే."

ఆ ముక్క కూడా కలుపుకుంటే ఆయనకు ఇంకా మంచిదే. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. రోజూ రెండుసార్లు, ఏడాదిన్నరగా ఆ పట్టాల మీద సైకిలు నడిపించి, దాన్ని లెక్కలోంచి తీసేస్తూ వచ్చాడు. ఇటువంటి మనిషితో ఎలా వేగడం. ఏటి బాయి గేటు చేరి లెక్కేస్తే, ముందురోజు ఆయన పట్టీలో ఈ దారికి రాసిన అంకెకు సరిగ్గా వచ్చింది. గొలుసు చుట్టుకుంటూ ఆయన నవ్వలేదు, గెలిచినట్టు కూడా లేడు. "ఆ మాట కొట్టేయుండ్రి పంతులూ, జాబితా పోతదంట" అన్నాడు. రేపే కొట్టేస్తానన్నాను.

సోమవారం కొట్టెయ్యలేదు. కొట్టెయ్యాలంటే ఒక నోటు రాయాలి. ఎందుకు తప్పిందో రాయాలి. భూమి లోపలి నక్షా పెట్టి పైన రోడ్డు కొలిచానని నా చేత్తో నేను రాసి మేనేజరుగారికి పంపాలి. బడేబాబు మీదుగా పోవాలి. రెండుసార్లు కాగితం తీశాను. ఒకసారి బోనసు బిల్లులని చెప్పుకున్నాను, ఇంకోసారి నెలాఖరు దాకా టైముందని చెప్పుకున్నాను. గొలుసు సారు రోజూ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడి చూసేవాడు. నేను తల ఎత్తేవాణ్ణి కాదు. తల ఎత్తకపోవడానికి కూడా ఆయన మీదే విసుక్కునేవాణ్ణి, మనిషిని ఊపిరి తీసుకోనివ్వడని.

గురువారం జాబితా పోయింది. అందులో ఆయన లేడు. ఫైలు తిరిగొచ్చింది. నా మాట కింద మేనేజరుగారు ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాశారు. దూరం కొలవడం రాని సర్వేయరు మనకెందుకు అని. జీపు దగ్గర వేలెత్తి చూపించిన సంగతి ఆయన మరచిపోయి ఉండరు. కానీ రాయడానికి ఆధారం ఇచ్చింది నేనే. నెలాఖరుకు గడువు ముగిసింది, పొడిగింపు రాలేదు. గొలుసు, మేకులు, పుస్తకాలు లెక్కగా అప్పజెప్పి, గొలుసులో ఫలానా కడీ సాగింది మార్చుకోండని చెప్పి వెళ్లిపోయాడట. నా బల్ల దగ్గరికి రాలేదు.

మళ్లీ వచ్చింది ఎండాకాలంలో, ఆర్థిక సంవత్సరం దాటాక. సైకిలు మీద జైపూర్ నుంచి వచ్చాడు. మొహం ఎండకు నల్లబడింది, చేతులు కాయలు కాశాయి. నాగలి చేతులు. కట్టిన పన్ను వెనక్కి అడిగే ఫారం తెచ్చాడు. దానికి మా ఆఫీసు జీతం సర్టిఫికెట్ కావాలి. నేను ఫారం అందుకుని చూశాను. పని చేసిన కాలం అన్నచోట ఏప్రిల్ నుంచి సెప్టెంబరు. ఆ ఏడాదిలో మరెక్కడైనా పనిచేశారా అన్నచోట లేదు అని రాశాడు. అంటే ఆరు నెలలు ఏ నౌకరీ దొరకలేదు.

లెక్క చాలా సులువు. ఏడాదంతా పనిచేస్తాడనుకుని మేం పన్ను కోశాం. ఆయన చేసింది సగమే. సగం జీతం పన్ను పడేంత లేదు. కాబట్టి కోసిందంతా వెనక్కొస్తుంది, సైకిలు మినహాయింపు అడగాల్సిన పనే లేదు. ఒక రోజు తొక్కింది కూడా చూపించక్కర్లేదు. నేను రాసిన మాట వల్ల పోయిన నౌకరీయే ఆయన పన్ను మొత్తం వెనక్కి తెచ్చింది.

కానీ ఫారం వెనక పట్టీలు కుట్టి ఉన్నాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, రోజుకొక అంకె. ఇవి అక్కర్లేదు, తీసెయ్యి, వీటిని ఎవరూ చదవరని చెప్పాను. ఇంత జరిగాక కూడా నా గొంతులో పాత చిరాకే పలికింది.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నేను చూపించకుండానే, మొదటిసారి.

"పైసలెట్లైన వస్తయి" అన్నాడు. "మీరు గొలుసు పట్టిండ్రు గద పంతులూ. మీకెరికే గద ఎంతున్నదో. గదే రాసి దస్కత్ పెట్టుండ్రి."

నేను పట్టీలు ముందుకు జరుపుకున్నాను. ఆయన ఫైలు నా వెనక బీరువాలోనే ఉంది, "దూరం తప్పు" అన్న నా అక్షరాలతో సహా. దాని సంగతి ఆయన అడగలేదు. ఆ ఫైలు తీసి, ఆ మాట కొట్టేసి, కారణం రాసి మేనేజరుగారికి పంపితే ఇంకో టెంపరరీ దొరకొచ్చేమో అన్న ఆలోచన నాకు రాకపోలేదు. పక్క బల్ల దగ్గర బడేబాబు ఉన్నాడు. బీరువా తెరవలేదు. చివరి పట్టీ కింద, పై దూరాలు నేను స్వయంగా చూశాను, సరైనవే అని రాసి సంతకం చేశాను. సెప్టెంబరులో ఆ నోటు రాయడానికి మూడు రోజులపాటు లేవని నా చెయ్యి ఆ రోజు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఆ సంతకంతో ఎవరికీ ఏ పనీ లేదు మరి.